మునగాల దాటాక మొదలైన నొప్పి

మే నెల మధ్యాహ్నం. కోదాడ వెనకబడింది. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే సూపర్ లగ్జరీ బస్సు మీ చేతిలో ఉంది. సీట్లన్నీ నిండాయి. కండక్టర్ లేడు, టికెట్ల మిషను కూడా మీ దగ్గరే. ఇంజిన్ వేడి ఎడమ మోకాలికి కొడుతోంది. ఎదురుగా రోడ్డంతా ఎండమావులు.

గొంతు ఎండిపోతోంది. పక్కనున్న బాటిలెత్తి ఒక్క గుక్క తాగి మూత బిగించేస్తారు. అంతకు మించి తాగరు. తాగితే మధ్యలో ఆపాలి. ఆపితే వెనకనుంచి ఎవరో ఒకరు "ఇంకెంతసేపయ్యా" అంటారు. ఇన్నేళ్ల డ్యూటీలో ఈ లెక్క మీకు ఒంటబట్టిపోయింది. పొద్దున బయల్దేరేముందు ఒంటేలు ముదురు పసుపు రంగులో, ఘాటు వాసనతో వచ్చింది. ఎండాకాలం కదా అనుకుని వదిలేశారు.

మునగాల దాటుతున్నారు. ఎడమ డొక్కలో, ఆఖరి పక్కటెముకకి కాస్త కింద, లోపలెక్కడో బరువుగా ఉంది. సీట్లో అటూ ఇటూ జరుగుతారు. పోదు. గ్యాసేమో. టిఫిన్‌లో తిన్న బజ్జీలు గుర్తొస్తాయి. ఓ రెండు కిలోమీటర్లు అలాగే లాగిస్తారు.

బరువు నొప్పిగా మారుతుంది. నొప్పి వెన్ను నుంచి ముందుకి జారి, పొట్ట పక్కగా గజ్జలోకి దిగుతుంది. లోపల ఎవరో పట్టుకుని మెలిపెడుతున్నట్టే ఉంది. అరచేతులు తడిసి స్టీరింగ్ జారుతోంది. నుదుటి చెమట కళ్లలోకి కారుతోంది. ఏసీ లేని బస్సులో మీకు చలి పుడుతోంది.

సూర్యాపేట ఇంకా అరగంట. లాగించెయ్యొచ్చా?

ముందు ఇసుక లారీ. స్పీడు 70. ఇంకో అల వస్తుంది. ఈసారి కళ్ల ముందు రోడ్డు మసకబారింది. అర సెకను. అంతే. కానీ లారీ దగ్గరైపోయింది.

బ్రేకు. ఇండికేటర్. ఎడమకి తిప్పండి. అంచు దాకా. ఆపండి. హ్యాండ్ బ్రేకు లాగండి. ఇంజిన్ కట్టెయ్యండి.

తలుపు తీసుకుని దిగి, రెండడుగులు వేసి, రోడ్డు పక్కన వాంతి చేసుకుంటారు.

జనం దిగి చుట్టూ మూగుతారు. "గుండెపోటేమో, చూడండ్రా" అంటాడొకాయన. "గ్యాసయి ఉంటది బిడ్డా, సోడా తాగు" అంటుంది ఓ పెద్దామె. ఎవరో రెండు లీటర్ల నీళ్ల సీసా మీ నోటికి ఆనిస్తారు. "రాయి అయి ఉంటదన్నా, గటగటా తాగు, కొట్టుకపోతది." వద్దనండి. తాగినా కక్కేస్తారు. పైగా దారి మూసుకుపోయి ఉంటే, పైనుంచి నీళ్లు ఎక్కువ పంపినంత మాత్రాన అడ్డం తొలగదు. నీళ్లు తాగాల్సిన సమయం నిన్న, మొన్న, పోయిన ఏడాది. ఇప్పుడు కావాల్సింది ఆస్పత్రి.

ఒక కుర్రాడు 108కి ఫోన్ చేస్తున్నాడు. మీరు డిపోకి చెప్పాలి. ఫోను తీస్తారు, నంబరు నొక్కలేకపోతారు. కూర్చోలేరు. పడుకోలేరు. ముడుచుకుంటారు, లేస్తారు, బస్సుకి తల ఆనించి నిలబడతారు, మళ్లీ కూలబడతారు. ఏ భంగిమలోనూ ఒక్క నిమిషం ఊరట లేదు.

సూర్యాపేటలో ఆస్పత్రి. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరమ్మ మీరు మంచం మీద దొర్లడం చూస్తుంది. సగం సంగతి ఆమెకి అక్కడే తెలిసిపోయింది. అపెండిక్స్ పగిలినవాళ్లు కదిలితే చచ్చిపోతామన్నట్టు బిగుసుకుని పడుకుంటారు. కిడ్నీ రాయి వాళ్లు ఇలా దొర్లుతారు.

"ఎక్కడ నొప్పి? వేలు పెట్టి చూపించండి."

వేలితో చూపించలేరు. అరచేతిని వెన్ను మీంచి గజ్జదాకా లాగుతారు.

"ఇంకా కిందికి కూడా దిగుతోందా?"

వృషణంలో కూడా లాగుతోందని ఆడపిల్లకి ఎలా చెప్పాలి? తల ఊపుతారు. ఆమెకి కొత్త కాదు. మూత్రనాళానికీ వృషణానికీ కబురు మోసే నరాలు వెన్నుపాములో దాదాపు ఒకే చోట చేరతాయి. అందుకే నాళంలో పుట్టిన నొప్పి అక్కడ పలుకుతుంది. పొట్టకీ ఇలాంటి చుట్టరికమే ఉంది కాబట్టి వాంతి అయింది.

ఆమె మీ వీపు మీద, పక్కటెముకల కింద, పిడికిలితో మెల్లగా తడుతుంది. కేక పెడతారు. నర్సు జ్వరం చూస్తుంది. లేదు. ఒంటేలు పట్టమని చిన్న డబ్బా ఇస్తారు. అతి కష్టం మీద కాసిని చుక్కలు. ఎర్రగా ఉన్నాయి.

తుంటికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్.

మీరు ఫ్యానుని చూస్తూ పళ్లు బిగబట్టి పడుకుంటారు. ఒక అల. ఇంకో అల, కాస్త చిన్నది. అరగంట గడిచేసరికి దవడ వదులవుతుంది. ఇప్పుడు గాని మీకు బస్సు గుర్తు రాదు. వెనకొచ్చే బస్సుల్లో అందరినీ సర్దేశారని, డిపో వాళ్లతో మాట్లాడానని ఆ కుర్రాడు మీ టికెట్ల మిషను చేతిలో పెడుతూ చెబుతాడు.

ఇదేం మందు, మత్తు కాదు కదా, ఇంతలా ఎలా పని చేసింది? రాయి గీరుకుంటూ పోవడం వల్ల నొప్పి పుట్టిందని మీరనుకుంటున్నారు. అసలు నొప్పి గీరుడుది కాదు, అడ్డానిది. కిడ్నీ నుంచి మూత్రపు సంచికి దిగే నాళం జానెడుకి కాస్త ఎక్కువ, 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు. లోపలి వెడల్పు మాత్రం పెన్ను రీఫిల్ అంత. అందులో రాయి ఇరుక్కుంటే పైన మూత్రం నిలిచిపోతుంది. కిడ్నీ ఉబ్బి, దాని పైపొర సాగుతుంది. ఆ సాగుడే మీరు రోడ్డు మీద అనుభవించింది. అడ్డం పడగానే కిడ్నీలో ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం ఊరి మూత్రం ఉత్పత్తిని ఇంకా పెంచుతుంది. ఈ ఇంజెక్షన్ దాన్నే కట్టడి చేస్తుంది. అయితే ఇది అందరికీ పడే మందు కాదు. కిడ్నీలు ముందే దెబ్బతిన్నవాళ్లకీ కడుపులో పుండ్లున్నవాళ్లకీ డాక్టర్లు వేరే మందు చూస్తారు. మందుల షాపులో అడిగి పొడిపించుకోవద్దు.

స్కానింగ్‌లో ఎడమ కిడ్నీ ఉబ్బినట్టు తెలుస్తుంది, రాయి కనపడదు. సీటీ తీస్తారు. అదిగో, నాళం అడుగున, మూత్రపు సంచిలోకి తెరుచుకునే చోట, తెల్లటి చుక్క. 6 మిల్లీమీటర్లు.

ఇంతేనా అనిపిస్తుంది. బస్సునాపి, మిమ్మల్ని రోడ్డు మీద కక్కించింది కందిగింజంత రాయి.

మీ ముందు ఇప్పుడు రెండు దారులు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో సుమారు మూడింట రెండు వంతులు వాటంతటవే పడిపోతాయి. 5 నుంచి 10 మధ్యవైతే దాదాపు సగం. 10 దాటితే ఆశ తక్కువ. మీది పడొచ్చు, పడకపోవచ్చు. నాళం వదులయ్యే మాత్రలు రాసి, నాలుగు వారాలు చూద్దామంటారు. మీరు సరేనంటారు. కాగితం మీద డాక్టరమ్మ ఒక వాక్యం కింద రెండు గీతలు గీస్తుంది: జ్వరం గానీ చలి గానీ వస్తే వెంటనే రావాలి. మీరు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటారు.

విజయవాడ. ఇల్లు. మీ ఆవిడ మొహంలో నేరం చేసిన భావం. "ఏవండీ, మొన్ననేగా పాలకూర, టమాటా కలిపి పప్పు వండాను. అందువల్లే అంటారా?" పక్కింటి పిన్నిగారు బియ్యంలో రాళ్లు సరిగ్గా ఏరలేదేమో అంటారు. అన్నంలో మింగిన రాయి పేగుల దారిన పోతుంది. ఆ దారికీ కిడ్నీకీ సంబంధం లేదు. బావమరిది కొండపిండి ఆకు తెస్తాడు. డిపోలో స్నేహితుడు బీరు తాగమంటాడు. అరటిదూట రసం, ఉలవకట్టు సరేసరి.

దేన్ని నమ్మాలి? ఒక్క లెక్క గుర్తుంచుకోండి. చిన్న రాళ్లలో ఎక్కువ భాగం ఏమీ తాగకపోయినా పడిపోతాయి. పడినరోజు మీ చేతిలో ఏ గ్లాసుంటే పేరు దానికి వస్తుంది. క్యాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే మందు ఇప్పటిదాకా ఏ వైద్యంలోనూ రుజువు కాలేదు. ఉలవచారు రుచికి తాగండి, ఉప్పు చూసుకుని. బీరు మాత్రం ఒంట్లో నీటిని బయటికి నెట్టేసి, యూరిక్ ఆమ్లాన్ని పెంచి పోతుంది.

ఊళ్లో యూరాలజిస్టుని కలుస్తారు. పెద్దాయన. మీ సీటీ చూసి, మీ ఆవిడ ప్రశ్న విని నవ్వుతాడు. "టమాటా ఏ పాపం ఎరగదమ్మా. దాన్లో ఆక్సలేట్ తక్కువే. పాలకూరలోనే ఎక్కువ. గోంగూర కూడా తక్కువేం తినలేదు. అయినా ఒక్క పూట పప్పుతో రాయి పుట్టదు."

మరి ఎలా పుట్టింది?

ఆయన మిమ్మల్ని ప్రశ్నలు వేస్తాడు. డ్యూటీలో ఎన్ని నీళ్లు తాగుతారు? ఆవకాయ రోజూనా? చికెన్ వారానికెన్నిసార్లు? ఇంట్లో ఇంకెవరికైనా రాళ్లొచ్చాయా? మీ నాన్నకి కూడా వచ్చిందని అప్పుడు గుర్తొస్తుంది. చెప్పుకుంటూ పోతుంటే మీ జీవితమే కేసు షీటు అవుతుంది. మీ కిడ్నీలు రోజుకి 180 లీటర్లు వడపోసి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపి, లీటరో లీటరున్నరో బయటికి వదలాలి. మీరు చెమటకే నీళ్లన్నీ ఖర్చు పెట్టి, తాగకుండా కూర్చుంటే ఆ లీటరు అరలీటరవుతుంది. అందులో పోవాల్సిన క్యాల్షియం, ఆక్సలేట్ మాత్రం తగ్గవు. చిక్కబడ్డ చోట కణికలు కడతాయి. ఆవకాయ ఉప్పు మూత్రంలోకి ఇంకాస్త క్యాల్షియాన్ని లాక్కొస్తుంది. మాంసం ఎక్కువైతే మూత్రం పులిసి, రాయిని కట్టనివ్వని సిట్రేట్ తగ్గిపోతుంది.

"అయితే పాలు, పెరుగు మానేస్తాను సార్." క్యాల్షియం రాయి అన్నారుగా మరి.

"మానొద్దు!" ఆయన గొంతు పెరుగుతుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పెరుగులోని క్యాల్షియం పేగుల్లోనే ఆక్సలేట్‌ని పట్టుకుని మలంలో బయటికి తీసుకుపోతుంది. పెరుగు మానేస్తే ఆ ఆక్సలేట్ స్వేచ్ఛగా రక్తంలోకి, అక్కణ్ణుంచి కిడ్నీలోకి చేరుతుంది. ఇటలీలో పార్మా పరిశోధకులు ఇలాంటి రాళ్లున్న 120 మంది మగవాళ్లని 5 ఏళ్లు గమనించారు. క్యాల్షియం తగ్గించుకున్నవాళ్లకంటే, దాన్ని మామూలుగా తింటూ ఉప్పు, మాంసం తగ్గించినవాళ్లలో రాళ్లు మళ్లీ రావడం దాదాపు సగానికి పడిపోయింది. 2002లో వచ్చిన ఫలితమిది. పాలకూర పప్పు తిన్నరోజు పెరుగన్నం వదలకండి.

ఆయన సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసి బల్ల మీద ఒంపుతాడు. ఏళ్లుగా తీసిన రాళ్లు. ముట్టుకోండి. ముదురు గోధుమ రంగులో, బొడిపెలతో గట్టిగా తగిలేవి క్యాల్షియం ఆక్సలేట్. డబ్బాలో ఎక్కువ అవే. పదిమందిలో ఏడెనిమిది మందివి క్యాల్షియం రాళ్లే. వాటిలో కొన్ని ఫాస్ఫేటువి. అవి పదేపదే వస్తుంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథిని అనుమానించి రక్తంలో క్యాల్షియం చూడాలి. నున్నగా, ఎర్రపసుపుగా ఉన్నవి యూరిక్ ఆమ్లానివి. షుగరున్నవాళ్లలో, ఒళ్లు బరువున్నవాళ్లలో, గౌటు నొప్పులవాళ్లలో ఎక్కువ. మామూలు ఎక్స్‌రేలో కనపడవు. కానీ మందుతో మూత్రం పులుపు తగ్గిస్తే కరిగే రాయి ఇదొక్కటే అనుకోవచ్చు. ఒక మూల మైనం రంగు రాయి ఉంది. సిస్టీన్. పుట్టుకతో వచ్చే లోపం, చాలా అరుదు. చిన్న వయసులోనే మొదలై వెంటాడుతుంది.

మీ చెయ్యి మాత్రం ఒక పెద్ద రాయి దగ్గర ఆగిపోతుంది. కొమ్మలు కొమ్మలుగా, బొటనవేలంత. జింక కొమ్ము రాయి అంటారు. ఇది ఒకామెకి కిడ్నీ లోపలి ఖాళీ అంతా నింపేసింది. మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్. యూరియాని విరగ్గొట్టే ఒక రకం బ్యాక్టీరియా వారాల్లో దీన్ని పెంచేసింది. మీరు పడ్డ నొప్పిలో పదో వంతు కూడా ఆమె పడలేదట. నడుము లాగుతోందని ఏళ్లు గడిపింది. చివరికి వీపు నుంచి చిన్న రంధ్రం చేసి ముక్కలు తీశారు. రాయి పెద్దదైతే నొప్పి పెద్దదని ఏమీ లేదు. అడ్డం పడేదే నొప్పి పుట్టిస్తుంది.

ఇంటికొస్తారు. రోజులు గడుస్తాయి. నొప్పి లేదు. రాయి పడిపోయిందనుకుంటారు. జల్లెడ గుడ్డలో ఒంటేలు వడగట్టమన్నారు. రెండు రోజులు చేసి మానేశారు. మళ్లీ స్కానింగ్‌కి రమ్మన్న తేదీ దాటింది. అడ్డం అలాగే ఉన్నా కొన్నాళ్లకి కిడ్నీ తన పని తగ్గించుకుంటుంది, ఒత్తిడి దిగుతుంది, నొప్పి పోతుంది. అలా వారాల తరబడి వదిలేస్తే కిడ్నీ చప్పుడు లేకుండా చచ్చిపోతుంది. మీకు ఆ సంగతి తెలియదు. డ్యూటీ ఎక్కేస్తారు.

ఒక రాత్రి. పదకొండు.

చలి. దుప్పటి కప్పుకుంటారు. ఆగదు. పళ్లు టకటక కొట్టుకుంటాయి. డొక్కలో మళ్లీ ఆ బరువు.

మీ ఆవిడ నుదురు తాకుతుంది. థర్మామీటర్. 102.

"ఒక పారాసెటమాల్ వేసుకుని పడుకోండి. పొద్దున్నే వెళ్దాం."

పొద్దున్నే వెళ్దామా?

ఆలోచించండి. దారి మూసుకుంది. మూత్రం నిలిచింది. నిలిచిన మూత్రంలో బ్యాక్టీరియా చేరింది. పైన కిడ్నీ. దాన్నిండా రక్తనాళాలు. నోటి మందు అక్కడికి సరిగ్గా చేరదు. చీము బయటికి పోదు. పోయే దారి ఒక్కటే. రక్తంలోకి.

జేబులో కాగితం. కింద రెండు గీతలు.

లేవండి. చొక్కా వేసుకోండి. ఆటో. ఇప్పుడే.

క్యాజువాలిటీ. బీపీ చూస్తారు. 90. మళ్లీ చూస్తారు. 84. చేతిలో సూది, సెలైన్, యాంటీబయోటిక్. మీకు మాటలు దూరంగా వినిపిస్తాయి. "ఆగొద్దు, థియేటర్ రెడీ చెయ్యండి."

రాయి తీస్తారా? ఈ రాత్రికి తీయరు. దాని జోలికెళ్తే విషం ఒళ్లంతా పాకొచ్చు. ముందు దారి తెరవాలి. మూత్రం దారిలోంచే సన్నటి కెమెరా పంపి, రాయి పక్కనుంచి మెత్తటి గొట్టాన్ని కిడ్నీలోకి ఎక్కిస్తారు. రెండు కొసలూ వంకీ తిరిగి ఉంటాయి, పైది కిడ్నీలో, కిందిది సంచిలో కూర్చుంటుంది. డీజే స్టెంట్. ఎక్కించగానే చిక్కటి చీము మూత్రం దాంట్లోంచి దూకుతుంది.

తెల్లారేసరికి బీపీ 110. బతికారు. తెల్లారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టర్ చెప్పడు, మీరూ అడగరు.

ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక, కొన్ని వారాలకి లేజర్. కోత లేదు. అదే దారిలో కెమెరా, దాని పక్కన వెంట్రుకంత లేజర్ తీగ. రాయి పొడి అవుతుంది. మంచం మీద మీ నాన్న గుర్తొచ్చారా? ఆ కాలంలో పక్క కోసి తీసేవాళ్లు. మూత్రపు సంచిలోని రాయిని కోసి తీసే పద్ధతిని సుశ్రుతుడు ఎప్పుడో వివరించాడు, అదీ ఇప్పటి మత్తుమందులు లేని రోజుల్లో. కోత లేకుండా బయటనుంచి తరంగాలతో రాయిని పగలగొట్టడం 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది. ఆ మిషను చేసింది డోర్నియర్, విమానాల కంపెనీ. మీ రాయికి అది కూడా పనికొచ్చేదే గాని, ఇన్ఫెక్షన్ చేసినదాన్ని ముక్కలుగా లోపల వదలడం ఇష్టం లేక మీ డాక్టర్ లేజర్ ఎంచుకున్నాడు.

మీకు స్టెంటు మీద కోపంగా ఉంటుంది. ఒంటేలుకి వెళ్లినప్పుడల్లా నడుములో లాగుతుంది, రోజుకి పదిసార్లు తిప్పుతుంది. అయినా తీసే తేదీ గోడ క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో రాసుకోండి. మర్చిపోయి నెలలు దాటించినవాళ్ల స్టెంటు మీదే మళ్లీ రాళ్లు పేరుకుని, దాన్ని తీయడానికి ఇంకో ఆపరేషన్ కావాల్సి వస్తుంది. ఇలాంటివాళ్లు ప్రతి యూరాలజీ వార్డుకీ వస్తూనే ఉంటారు.

ల్యాబు రిపోర్టు వచ్చింది. మీది క్యాల్షియం ఆక్సలేట్. అంటే చెయ్యాల్సింది తెలిసింది. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం పోయేలా తాగాలి, మే నెల డ్యూటీలో అంటే నాలుగు లీటర్ల దాకా నీళ్లు. ఉప్పు అన్నీ కలిపి 5 గ్రాములు దాటకూడదు, అంటే ఒక చెంచాడు. ఆవకాయ బద్ద రోజూ రెండు పూటలా కుదరదు. నిమ్మకాయ నీళ్లు మంచివే, ఉప్పు, పంచదార లేకుండా. మందుల షాపులో అడిగి క్యాల్షియం మాత్రలు మింగొద్దు. ఏమీ మార్చుకోకపోతే పదేళ్లలో సుమారు సగం మందికి రాయి మళ్లీ వస్తుంది.

డిపోలో మీ తోటి డ్రైవర్లకి చెప్పండి. లారీ తోలేవాళ్లకి, బట్టీల దగ్గర పనిచేసేవాళ్లకి, గల్ఫ్ ఎండలో కట్టడాల మీదున్న మన కరీంనగర్, నిజామాబాద్ పిల్లలకి చెప్పండి. ఎప్పుడైనా మీరే ప్రయాణికులై బస్సెక్కితే, డ్రైవర్ ఐదు నిమిషాలు ఆపినప్పుడు గొణగకండి. రాయి పడితే పారెయ్యకండి, డబ్బాలో వేసి ల్యాబుకి ఇవ్వండి. నొప్పి పోయినా స్కానింగ్ చేయించుకోండి. డొక్కలో నొప్పికి చలిజ్వరం తోడైతే రాత్రి పన్నెండైనా సరే ఆస్పత్రికి వెళ్లండి.